గుమ్మడి మసాలా – బందరు బట్ట

అక్టోబరు, నవంబరు నెలల్లో పిల్లల దగ్గర అమెరికాలో గడిపి వచ్చిన సభ్యులు మన సంఘంలో చాలామందే ఉన్నారు. ఆ రోజుల్లో అక్కడ ఏ దుకాణంలో అడుగుపెట్టినా ఒకే ఘాటు ముక్కుకు తగులుతుంది. దాల్చినచెక్క, శొంఠి, జాజికాయ, లవంగం కలిసిన వాసన. మనకైతే పాయసమూ పలావూ ఒకే పొయ్యి మీద వండుతున్నట్టు అనిపిస్తుంది. ఆకులు ఎర్రబడి రాలే ఆ కాలాన్ని వారు ‘ఫాల్’ అంటారు. మన శరదృతువన్నమాట. అప్పుడు ఓవెన్‌లో కాల్చే గుమ్మడికాయ పై, కేకులు, బిస్కట్లు, అన్నింటిలోనూ ఈ పొడి పడవలసిందే. చిన్న డబ్బాల్లో ‘పంప్‌కిన్ పై స్పైస్’ అని అమ్ముతారు. పేరు చూసి గుమ్మడికాయ పొడి అనుకుంటాం గాని, అందులో గుమ్మడి రవ్వంత కూడా ఉండదు.

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం అనగానే రాజులూ యుద్ధాలూ రాయాలని ఎక్కడా లేదు కదా అని, నేను ఈ డబ్బాను ఎంచుకున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. నేను గుమాస్తాగా ఎక్కువకాలం పనిచేసింది బందరులో. ఆ డబ్బాకూ బందరుకూ పాత లెక్క ఒకటి ఉంది.

ముందు డబ్బాలోని సరుకు ఎక్కడిదో చూద్దాం. అసలు దాల్చినచెక్క సింహళానిది. అమెరికా దుకాణాల్లో ఎక్కువగా దొరికేది దాని దాయాది అయిన మందపాటి చెక్క, అది చైనా, వియత్నాం, ఇండోనేషియాల నుంచి వస్తుంది. శొంఠి మన ఆసియాదే. లవంగం ఇండోనేషియాలోని మొలక్కా దీవులది. జాజికాయ, జాపత్రి రెండూ ఒకే చెట్టు కాయలోవి. ఆ చెట్టు పుట్టిల్లు బండా అనే చిన్న దీవుల గుంపు. పద్దెనిమిదో శతాబ్దం చివరిదాకా ప్రపంచం వాడుకున్న జాజికాయ దాదాపు అంతా ఆ గుప్పెడు దీవులనుంచే వెళ్ళేది. అమెరికా ఖండపు సరుకు ఒక్కటే, ఆల్‌స్పైస్ అనే జమైకా గింజ. చూడటానికి మిరియంలా ఉంటుంది, వాసనలో లవంగం పోలిక. కొన్ని డబ్బాల్లో అదీ ఉండదు.

ఇప్పుడు బందరు సంగతి. ఆ ఊళ్ళో పనిచేసినవారికి పరాసుపేట, ఇంగ్లీషుపాలెం, వలందపాలెం అన్న పేర్లు కొత్తవి కావు. వలందపాలెం చిరునామాతో అర్జీలు వారానికి ఒకటి రెండయినా నా బల్లమీదకు వచ్చేవి. వలందులు అంటే హాలెండు దేశస్థులు, డచ్చివారు. వారి సమాధులు బందరులో నేటికీ పురావస్తుశాఖ రక్షణలో ఉన్నాయి. రాళ్ళ మీద చెక్కిన అక్షరాలు, కులచిహ్నాలు చూడదగ్గవి. అంత దూరం నుంచి వారు ఇక్కడికి ఎందుకు వచ్చారంటే మిరియాల కోసం కాదు, బట్ట కోసం.

డచ్చి ఈస్టిండియా కంపెనీ 1602లో ఏర్పడింది. లవంగం, జాజికాయ కొందామని దీవులకు వెళితే, అక్కడివారికి యూరపు సరుకు మీద పెద్దగా మోజు లేదు. వారికి కావలసింది బియ్యం, ఇండియా బట్ట. ముఖ్యంగా మన తీరపు అద్దకం బట్ట, గళ్ళ బట్ట. కృష్ణా తీరంలో చిరివేరుతో వేసే ఎరుపుకు అప్పటికే సముద్రాల మీద పేరుండేది. అందుకని 1606 నాటికే గోల్కొండ కుతుబ్‌షాహీల ఏలుబడిలో ఉన్న మచిలీపట్నంలోనూ నిజాంపట్నంలోనూ కంపెనీవారు కొట్లు తెరిచారు. తరువాత దక్షిణాన పులికాట్‌లో కోట కట్టుకున్నారు. 1612లో హెండ్రిక్ బ్రౌవర్ అనే కంపెనీ అధికారి కోరమాండల్ తీరాన్ని మొలక్కా దీవులకు ఎడమచెయ్యిగా వర్ణించాడు. ఇక్కడి బట్ట లేకపోతే అక్కడ బేరమే లేదని ఆయన భావం. మన ఆఫీసు భాషలో చెప్పాలంటే, జాజికాయ జమ పద్దు అయితే దానికెదురు ఖర్చు పద్దులో ఉన్నది మన నేతగాడి తాను. వర్తకులు బయానా పుచ్చుకుని సాలీల చేత నేయించేవారు. నేసినవారి పేర్లు మాత్రం ఎక్కడో గాని కనిపించవు.

బేరంతోనే ఆగి ఉంటే ఇది సరదా కథ అయ్యేది. జాజికాయ మొత్తం తమకే అమ్మాలని డచ్చివారు ఒప్పందాలు రాయించుకున్నారు. బండావాసులు ఇతరులకూ అమ్ముతూ వచ్చారు. 1621లో గవర్నర్ జనరల్ యాన్ పీటర్‌జూన్ కూన్ సైన్యంతో దిగి ఆ దీవులను జయించాడు. అంతకుముందు అక్కడ సుమారు 15 వేల మంది ఉండేవారని, ఆ తరువాత దీవుల్లో మిగిలింది వెయ్యి మంది దాకా అని చరిత్రకారుల అంచనా. చంపబడినవారు, ఆకలితో పోయినవారు, బానిసలుగా ఓడలెక్కించబడినవారు, పారిపోయినవారు పోగా మిగిలిన లెక్క అది. ఖాళీ అయిన తోటలను ముక్కలుగా పంచి, ఇతర చోట్ల నుంచి బానిసలను తెచ్చి సాగు చేయించారు. కరువు కాలాల్లో మన కోరమాండల్ తీరంలో కొన్న మనుషులను కూడా కంపెనీ ఓడలు బటేవియాకు చేరవేశాయి. అంటే ఈ తీరం నుంచి బట్టే కాదు, మనుషులూ వెళ్ళారు. ఈ భాగం పాఠ్యపుస్తకాల్లో ఒక వాక్యానికి మించి ఉండకపోవడం నాకు బాధగానే ఉంటుంది.

ఆ బండా గుంపులోనే రన్ అనే బుల్లి దీవి ఇంగ్లీషువారు తమదనేవారు. 1667 బ్రెడా సంధిలో ఎవరి చేతిలో ఉన్నది వారికే అని తేల్చుకున్నారు. రన్ డచ్చివారికి పోయింది. అంతకు మూడేళ్ళ ముందు ఇంగ్లీషువారు పట్టుకున్న న్యూ ఆమ్‌స్టర్‌డామ్ వారికే ఉండిపోయింది. అదే నేటి న్యూయార్కు. మన పిల్లలు నదికి ఇవతల న్యూజెర్సీలో కాపురాలుంటూ, రోజూ రైల్లో ఉద్యోగానికి వెళ్ళేది అక్కడికే.

తరువాత కథ త్వరగా చెప్పేస్తాను. 1770లో పియర్ పువావ్ర్ అనే ఫ్రెంచి అధికారి చొరవతో లవంగం, జాజి మొక్కలు రహస్యంగా మారిషస్ చేరాయి. గుత్తాధిపత్యం సడలింది. లవంగం జాంజిబార్‌కు, జాజి గ్రెనడాకు పాకాయి. గ్రెనడావారు తమ జెండా మీద జాజికాయ బొమ్మే వేసుకున్నారు. అమెరికాలో 1796లో అమీలియా సిమ్మన్స్ అనే ఆవిడ అచ్చువేసిన వంటల పుస్తకంలో గుమ్మడి వంటకాలు రెండున్నాయి. ఒకదానిలో జాపత్రి, జాజికాయ, అల్లం, రెండోదానిలో ఆల్‌స్పైస్, అల్లం. 1934లో మెకార్మిక్ కంపెనీ కలిపిన పొడిని డబ్బాలో పెట్టి అమ్మింది. 2003లో స్టార్‌బక్స్‌వారు ఆ పేరుతో కాఫీ పెట్టాక వ్యవహారం ముదిరింది. ఆ కాఫీలో 2015 దాకా గుమ్మడి గుజ్జే లేదు!

గుమ్మడి విషయంలో మాత్రం మనమే అమెరికాకు బాకీ. బూడిదగుమ్మడి ఆసియాదే గాని, సంక్రాంతి దప్పళంలో వేసే తియ్యగుమ్మడి ఆ ఖండం నుంచి వచ్చినదే. ఈ మాట చెబితే మా ఇంటావిడ చాలా రోజులు నమ్మలేదు.

మా మనవరాలు ఈ పొడి వాసనను ‘అమెరికా వాసన’ అంటుంది. వాదించను. ఇంట్లోనే చేసి చూపిస్తాను. దాల్చినచెక్క పొడి మూడు పెద్ద చెంచాలు, శొంఠిపొడి రెండు చిన్న చెంచాలు, జాజికాయ పొడి రెండు, ఆల్‌స్పైస్ ఒకటిన్నర, లవంగాల పొడి ఒకటిన్నర. ఆల్‌స్పైస్ మన ఊళ్ళలో దొరకకపోతే బదులు కొంచెం జాపత్రి వేయవచ్చు. వేయించనక్కరలేదు. ఎండలో కాసేపు ఉంచితే చాలు. శొంఠిలో పీచు ఉంటుంది గనుక దంచి జల్లించాలి. జాజికాయను మిక్సీలో వేయకుండా సన్నటి కోరుతో అరగదీయాలి. జాజికాయ మోతాదు మించితే ఒంటికి మంచిది కాదు, ఈ పాళ్ళు దాటవద్దు. ఒక గుమ్మడి పైకి రెండు చిన్న చెంచాల పొడి సరిపోతుంది. ఓవెన్ లేనివారు గుమ్మడికాయ హల్వాలో ఏలకులకు బదులు అర చెంచా వేసి చూడవచ్చు. చక్కెర వ్యాధి ఉన్న సభ్యులు వాసనతో సరిపెట్టుకోవాలి.

ఈసారి బందరు వెళ్ళినవారు పనిలో పనిగా ఆ వలందుల సమాధులు చూసి, దగ్గరలోని పెడనకు కూడా వెళ్ళిరండి. కలంకారీ అద్దకం అక్కడ ఇంకా జరుగుతోంది. నేను కిందటిసారి రెండు దుప్పట్లు కొన్నాను. ఒకటి అమెరికాలో అమ్మాయి ఇంట్లో భోజనాల బల్ల మీద పరిచారు, పై పళ్ళెం దాని మీదే పెడుతున్నారు.