ప్రెయిరీ గుంటల పునరుద్ధరణ

కెనడాలోని ఆల్బర్టా నుంచి అమెరికాలోని అయోవా దాకా, రైతుల సొంత భూముల్లో చిత్తడి గుంటలనూ వాటి చుట్టూ గడ్డినీ తిరిగి నెలకొల్పే ప్రయత్నం. మంచుయుగం చివర హిమానీనదాలు వెనక్కి తగ్గినప్పుడు ఇక్కడ లక్షలాది లోతులేని గుంటలు ఏర్పడ్డాయి. ఉత్తర అమెరికా బాతుల్లో చాలావాటికి ఇవే పుట్టిళ్లు. సాగు కోసం కాలువలు తవ్వి, నేల కింద గొట్టాలు పరిచి నీటిని బయటికి పంపేశారు. అయోవాలో పొడవుగడ్డి పెరిగే ప్రెయిరీ మైదానాల్లో వెయ్యోవంతు కూడా మిగల్లేదు.

గొట్టం పగలగొట్టి, కాలువకు మట్టికట్ట వేస్తే నీరు త్వరగానే తిరిగొస్తుంది. దశాబ్దాలుగా బురదలో నిద్రించిన కొన్ని నీటిమొక్కల విత్తనాలు మొలకెత్తుతాయి కూడా. గడ్డి మాత్రం అంత సులువుగా రాదు. స్థానిక జాతుల విత్తనాలు చల్లాలి, కలుపును అణచాలి, కొన్నేళ్లకోసారి అదుపులో నిప్పు పెట్టాలి. మల్లార్డ్, నీలిరెక్కల టీల్ వంటి బాతులు ఎక్కువగా గూళ్లు కట్టేది ఒడ్డు మీది గడ్డిలోనే. అందుకే గుంట నింపి గడ్డిని వదిలేస్తే పని సగమే అయినట్టు.

భూమి ఎక్కువగా ప్రైవేటు చేతుల్లో ఉంది కనుక రైతు సమ్మతే కీలకం. అమెరికాలో 1985 వ్యవసాయ చట్టం తెచ్చిన సంరక్షణ పథకం, భూమిని సాగు మాని గడ్డికి వదిలే 10–15 ఏళ్ల ఒప్పందానికి ఏటా కౌలు చెల్లిస్తుంది. 1987లో మొదలైన మరో పథకం కింద ఆ దేశ మత్స్య, వన్యప్రాణి విభాగం సాంకేతిక సాయం అందిస్తూ ఖర్చు పంచుకుంటోంది. అయితే ఒప్పందం ముగిశాక ధాన్యం ధర పలికితే గడ్డి మళ్లీ నాగలి కిందికి పోతుంది. 2007లో దేశమంతటా దాదాపు 3.7 కోట్ల ఎకరాలున్న సంరక్షణ భూమి పదేళ్లలోపే సుమారు 2.4 కోట్లకు తగ్గింది. భూమిని దున్నబోమని రైతుల చేత శాశ్వత హక్కుపత్రాలు రాయించుకున్న చోట్ల ఈ ముప్పు చాలా తక్కువ.