రుజువు చెయ్యాల్సింది ఎవరండీ?

మా అనంతపురం వైపు ప్రతి ఊర్లోనూ జరిగే పంచాయితీ ఒకటుంది. ఒకాయన మూడొందల అడుగుల బోరుతో నెట్టుకొస్తుంటాడు. పక్క చేను ఆయన అప్పు చేసి ఆరొందల అడుగులు దించుతాడు. రెండు నెలలకి మొదటాయన బోరు గాలి కొడుతుంది. "నీ బోరు పడినాకే నాది ఎండిపాయ గదప్పా" అంటాడీయన. "నా బోరు వల్లే ఎండిందని రుజువేముందప్పా? వానల్లేక ఎండింది" అంటాడాయన. పెద్దమనుషులు టీ తాగి లేస్తారు. మా చిన్నాన్నకి ఇదే జరిగింది. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో, భూమి లోపల ఏ చెమ్మ ఎవరిదో ఎవడు రుజువు చేస్తాడు చెప్పండి?

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, పెద్ద కంపెనీల తరఫున కోర్టులో నిలబడే లాయర్ల వాదన కూడా ఇంచుమించు ఇదే. మావాడి సరుకు మంచిదని వాళ్ళు చెప్పక్కర్లేదు, చెడ్డదని నువ్వు రుజువు చెయ్యి అంటే చాలు. మన ఆఫీసులో "నా మెషీన్లో బాగానే పనిచేస్తోందే" అనే డెవలపర్ గుర్తొస్తే అది నా తప్పు కాదు :-)

ఈ ఆట నియమాన్ని మార్చిన కేసు మన హైదరాబాద్ పక్కనే పుట్టిందని మనలో చాలామందికి తెలీదు. గచ్చిబౌలి నుంచి ఎయిర్‌పోర్టుకి ఔటర్ మీద పోతుంటే హిమాయత్‌సాగర్ కనపడుతుంది కదా, దాని కథే ఇది. 1908 మూసీ వరదల తర్వాత నిజాం ప్రభుత్వం కట్టించిన జంట చెరువుల్లో ఉస్మాన్‌సాగర్ 1920లో, ఇది 1927లో పూర్తయ్యాయి. వీటి చుట్టూ 10 కిలోమీటర్ల లోపల కాలుష్యం చేసే పరిశ్రమలు పెట్టకూడదని 1996 మార్చిలో వచ్చిన జీవోనే 111. రియల్ ఎస్టేట్ పుణ్యమా అని ఆ నంబరు అందరికీ తెలుసు.

అంతకుముందే, 1993లో, సురానా ఆయిల్స్ అనే కంపెనీ శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో 12 ఎకరాలు కొంది. ఆముదం నుంచి రకరకాల పదార్థాలు తీసే ఫ్యాక్టరీ కోసం. సబ్బులకీ, క్రీములకీ, గ్రీజుకీ ఇలాంటివే ముడిసరుకు. ఆముదమే కదా, అమ్మమ్మ తలకి రాసేదే కదా అనిపిస్తుంది. కానీ ఫ్యాక్టరీలో అది అయ్యాక మిగిలే వాటిలో వాడేసిన నికెల్ ఉత్ప్రేరకం కూడా ఉంటుంది. పైగా కేంద్రం 1988లో తయారుచేసిన బాగా కాలుష్యం చేసే పరిశ్రమల జాబితాలో వెజిటబుల్ ఆయిల్స్ ఉన్నాయి.

1997 జూలైలో రాష్ట్ర ప్రభుత్వం ఈ ఒక్క కంపెనీకి 10 కిలోమీటర్ల నిబంధన నుంచి మినహాయింపు ఇచ్చింది. అదే నెలాఖర్లో అదే రాష్ట్రపు కాలుష్య నియంత్రణ మండలి కుదరదు పొమ్మంది. (ఒక టీమ్ బిల్డ్ పాస్ చేస్తే ఇంకో టీమ్ ఆపినట్టు.) కంపెనీ అప్పీలుకి వెళ్ళింది. మాది కొత్త టెక్నాలజీ, యాసిడ్ నీళ్ళు బయటికి రావు, మిగిలే వ్యర్థాల్ని జాగ్రత్తగా ప్యాక్ చేసి అమ్ముకుంటాం అని వాదించింది. అప్పీలులో గెలిచింది. 1998లో హైకోర్టు కూడా అనుమతి ఇచ్చెయ్యమంది.

మండలి సుప్రీంకోర్టుకి వెళ్తే, 1999 జనవరి 27న తీర్పు రాసింది మన తెలుగాయనే, జస్టిస్ ఎం. జగన్నాధరావు. సైన్సు ఈ రోజు ఖాయంగా చెప్పింది రేపు తప్పని తేలొచ్చు, అందుకని అనుమానం ఉన్నచోట జాగ్రత్త వైపే మొగ్గాలి, ఉన్న పరిస్థితిని మార్చాలనుకునేవాడే హాని లేదని రుజువు చెయ్యాలి అన్నది తీర్పు సారాంశం. ఈ మాట 1996లోనే వెల్లూరు తోళ్ళ పరిశ్రమల కేసులో సుప్రీంకోర్టు అంది. కానీ ఎందుకు, ఎలా అని విడమర్చింది ఇక్కడ. న్యాయమూర్తులు తమకి కెమిస్ట్రీ రాదని ఒప్పుకుని, విషయాన్ని నిపుణులున్న అథారిటీకి పంపారు. హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ చేత భూమి లోపల పరిస్థితీ చూపించారు. కంపెనీ రుజువు చెయ్యలేకపోయింది. 2000 డిసెంబర్ 1న చివరి తీర్పు వచ్చింది, ఫ్యాక్టరీకి అనుమతి లేదు. ప్రభుత్వం సరేనంది, మేం డబ్బు పెట్టేశాం అన్న వాదన కూడా నిలబడలేదు. లక్షలమంది తాగే నీళ్ళ విషయంలో ప్రభుత్వానికి అలా మాటిచ్చే హక్కే లేదంది కోర్టు.

జగన్నాధరావుగారు తర్వాత లా కమిషన్ చైర్మన్‌గా 2003లో పర్యావరణానికి ప్రత్యేక కోర్టులు కావాలని నివేదిక ఇచ్చారు. 2010 నాటి గ్రీన్ ట్రిబ్యునల్ చట్టానికి ఆ నివేదికా ఒక దారి వేసింది.

అయితే కంపెనీ లాయర్ అనగానే విలన్ అనుకోవడం నాకిష్టం లేదు. మ్యాగీ గొడవ చూడండి. కోల్‌కతా ల్యాబులో ఒక శాంపిల్‌లో సీసం 17.2 పీపీఎం వచ్చిందన్నారు, పరిమితి 2.5. 2015 జూన్ 5న ఎఫ్ఎస్ఎస్ఏఐ దేశమంతా ఆపేసింది. 'నో యాడెడ్ ఎంఎస్‌జీ' అన్న లేబుల్ తప్పుదోవ పట్టించేదన్నది ఇంకో ఆరోపణ. బాంబే హైకోర్టులో నెస్లే తరఫున ఇక్బాల్ చాగ్లా వాదించారు. పరీక్ష చేసిన ల్యాబులకి చట్టప్రకారం గుర్తింపే లేదు, మా మాట వినకుండానే నిషేధించారు అని. ఆగస్టు 13న కోర్టు రెండూ ఒప్పుకుంది. మళ్ళీ పరీక్షకి పంపిన మూడు ల్యాబుల్లో ఒకటి మన హైదరాబాద్ విమ్టా. మూడింట్లోనూ సీసం పరిమితి లోపలే వచ్చింది. టెస్ట్ ఎన్విరాన్‌మెంటే సరిగ్గా లేనప్పుడు బగ్ రిపోర్టుని ఎలా నమ్ముతాం? అక్కడ లాయర్ చేసింది సరైన పనే.

కానీ లేబుల్ సంగతి వేరు. మేం కలపలేదు, వేరుశనగ ప్రోటీన్, ఉల్లిపొడి, గోధుమపిండి లాంటి వాటిలో గ్లుటమేట్ సహజంగానే ఉంటుంది అంది కంపెనీ. (మా శెనక్కాయ అక్కడ కూడా సాక్ష్యానికొచ్చింది!) మాట అక్షరాలా నిజం. కొనే తల్లికి అర్థమయ్యేది మాత్రం ఇంకోటి. కంపెనీయే ఆ మాటని ప్యాకెట్ మీంచి తీసేసింది. ప్రభుత్వం 640 కోట్లు అడిగిన కేసుని మాత్రం జాతీయ వినియోగదారుల కమిషన్ 2024లో కొట్టేసింది.

సీసం విషయంలో రుజువు ప్రభుత్వం మీద, ప్రకటన విషయంలో కంపెనీ మీద. నాకు ఇదే న్యాయంగా కనపడుతుంది. చట్టమూ అటే నడిచింది. 2024 అక్టోబర్‌లో వచ్చిన గ్రీన్‌వాషింగ్ మార్గదర్శకాల ప్రకారం 'ఎకో ఫ్రెండ్లీ', 'గ్రీన్' అని రాసుకుంటే దానికి ఆధారం చూపించాల్సింది రాసుకున్నవాడే. అంటే ఇప్పుడు కంపెనీ లాయర్ పని కోర్టులో కన్నా ముందు ప్రకటన స్క్రిప్టు దగ్గరే మొదలవుతుంది.

జంట చెరువుల విషయానికొస్తే, 2022 ఏప్రిల్‌లో జీవో 69తో తెలంగాణ ప్రభుత్వం 111 ఆంక్షల్ని సడలించింది. నగరం ఇప్పుడు కృష్ణా, గోదావరి నీళ్ళు తాగుతోంది, ఈ చెరువుల అవసరం పెద్దగా లేదన్నది కారణం. హాని లేదని ఈసారి ఎవరు రుజువు చేశారో నాకు ఆ జీవోలో కనపడలేదు.

మా చిన్నాన్న బోరు సంగతంటారా? 2002 వాల్టా చట్టం ఊరి తాగునీటి బోరుకి 250 మీటర్ల లోపల కొత్త బోరు వెయ్యకూడదంటుంది. అక్కడ రుజువు గొడవ లేదు, టేపు పట్టుకుని కొలిస్తే చాలు. చిన్నాన్నది ఊరి బోరు కాదు, సొంతం. అది ఇంకా గాలే కొడుతోంది.