పేరు మిగలని రాణి

గోదావరిఖని కాలనీలో మా అమ్మను పేరుపెట్టి పిలిచినవాళ్లు నాకు గుర్తులేరు. మొదట కోల్ ఫిల్లర్ భార్య, నేను పుట్టాక నా తల్లి. అందుకేనేమో, రాజుల సంధుల గురించి చదివేటప్పుడు ఆ సంధుల కోసం కాపురాలకు వెళ్లిన ఆడవాళ్లెవరా అని వెతుకుతాను.

మా పెద్దపల్లి జిల్లాలోని పెద్దబొంకూర్ తవ్వకాల్లో శాతవాహనుల నాణేలు వేలకొద్దీ దొరికాయి. ఆ వంశం పశ్చిమాన శక క్షత్రపులతో తరాల తరబడి పోరాడింది. దక్షిణాపథపతి శాతకర్ణిని రెండుసార్లు ఓడించినా, దగ్గరి చుట్టరికం వల్ల నాశనం చెయ్యలేదని రుద్రదాముడు క్రీ.శ. 150 నాటి జునాగఢ్ శాసనంలో చెప్పుకున్నాడు.

ఆ చుట్టరికం ఎలాంటిదో ముంబయిలోని కన్హేరి గుహల శాసనం ఒకటి సూచిస్తుంది. వాసిష్ఠీపుత్ర శాతకర్ణి రాణి కార్దమక రాజవంశంలో పుట్టింది. 'రు' అక్షరంతో మొదలయ్యే మహాక్షత్రపుడి కూతురు. ఆయన రుద్రదాముడేనని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. శాసనం కొంత చెరిగిపోయింది. మిగిలినదాంట్లో భర్త ఉన్నాడు, పుట్టింటి వంశం ఉంది, తండ్రి పేరులో తొలి అక్షరం ఉంది, నీటితొట్టి దానం చేసిన అమాత్యుడు శతేరకుడి పేరు కూడా ఉంది. ఆమె పేరు లేదు. భర్తను గుర్తుపట్టడానికి మాత్రం అతని తల్లి గోత్రం పనికొచ్చింది!

ఇది మన దగ్గరి సంగతే కాదు. గ్రీకు రాజ్యాల మధ్య నలిగిన యూదులు క్రీ.పూ. 161లో రోముకు దూతల్ని పంపి ఒప్పందం చేసుకున్నారు. దూతల పేర్లు యుపోలెమస్, జేసన్ అని మక్కబీల గ్రంథం భద్రంగా రాసింది. క్రీ.పూ. 150లో ఈజిప్టు రాజు ఆరవ టాలమీ తన కూతురు క్లియోపాత్రా థియాను సిరియా రాజు అలెగ్జాండర్ బాలస్‌కిచ్చాడు. యూదుల ప్రధాన యాజకుడు యోనాతాను ఆ ఇద్దరు రాజులకూ కానుకలిచ్చి, ఊదారంగు వస్త్రాల గౌరవం పొందాడు. కొన్నేళ్లకే ఆ తండ్రి కూతుర్ని వెనక్కి తీసుకుని బాలస్ ప్రత్యర్థి డెమెట్రియస్‌కిచ్చాడు. ఈమె పేరు మిగిలింది. ఏమన్నదో ఆ గ్రంథం చెప్పదు.

నాగార్జునకొండలో మరో సంగతి కనిపిస్తుంది. మూడో శతాబ్దపు ఇక్ష్వాకుల కాలంలో ఉజ్జయిని మహారాజు కూతురు రుద్రధర భట్టారిక మహాచైత్యానికి రాతి స్తంభం, 170 దీనారి మాషకాలు ఇచ్చింది. ఎవరో ఎవరికో ఇచ్చిన పిల్లగా కాదు, తానే ఇచ్చిన మనిషిగా పేరుతో శాసనానికెక్కింది.

కన్హేరి శాసనాన్ని పరిశోధకులుగా మనం, రుద్రదాముడు ఓడించింది ఏ శాతకర్ణిని అన్న వాదానికే ఎక్కువగా వాడుకున్నాం. నేనూ అంతే. మొన్న ఆ కథ అమ్మకు చెబితే మొదట అడిగిన ప్రశ్న, "గా పిల్ల పేరేందే?"

చెరిగిపోయిందమ్మా అన్నాను.

"రాయి మీద పోతే పోయె. మీరెవలన్న అడిగిన్రా?" అంది.