పార్క్‌లోంచి రానన్న గేరు

ఎపిసోడ్‌లో నా పాత కారు సంగతి మొదలుపెట్టి, మాటల్లో పడి సగంలో వదిలేశాను. ఆ మిగతా సగం ఇక్కడ.

ఇరవై ఏళ్ళు దాటిన సెడాన్ అది. ఒక సోమవారం పొద్దున తాళం తిప్పితే ఇంజన్ చక్కగా స్టార్ట్ అయింది, గేరు మాత్రం పార్క్‌లోంచి రానంది. బ్రేకు తొక్కి, గేరు మీది బటన్ నొక్కి లాగితే గోడని లాగినట్టుంది. ఫోన్‌లో ఒక షాపువాళ్ళని అడిగితే "ట్రాన్స్‌మిషన్ అయ్యుండొచ్చు, టో చేయించి తీసుకురండి" అన్నారు. పాత కారుకి ఆ మాట అన్నారంటే, కారు విలువ కంటే బిల్లే ఎక్కువన్నమాట. చదువుకోడానికి వచ్చిన మన కుర్రాళ్ళు ఈ ఒక్క మాటకి బెదిరిపోయి, బాగా నడిచే కార్లని వచ్చిన రేటుకి వదిలించుకోవడం నేను కళ్ళారా చూశాను.

చివరికి పోయింది ట్రాన్స్‌మిషన్ కాదు, బ్రేకు లైట్ల ఫ్యూజు. బ్రేకు లైటుకీ గేరుకీ ఏమిటి సంబంధం అంటారా? అది తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

మన దగ్గర అంబాసిడర్ కారుకి ఈ గొడవ లేదు. గేరు స్టీరింగ్ పక్కనే ఉండేది. బండి ఆపాక ఫస్ట్ గేరులో వేసి, హ్యాండ్ బ్రేకు లాగి, అప్పటికీ నమ్మకం కుదరకపోతే చక్రానికి అడ్డంగా ఓ రాయి పెట్టేవాళ్ళు. అమెరికాలో కూడా తొలిరోజుల్లో గేరు వేయడం ఒక విద్యే. పళ్ళూ పళ్ళూ రాసుకుని కరకరలాడకుండా ఉండాలంటే క్లచ్ రెండుసార్లు తొక్కాలి. ఎర్ల్ థాంప్సన్ అనే ఇంజనీరు కనిపెట్టిన సింక్రోమెష్‌ని 1928లో కాడిలాక్ తన కార్లలో పెట్టాక ఆ తిప్పలు తగ్గాయి. అదే థాంప్సన్ తర్వాత జనరల్ మోటార్స్‌లో క్లచ్ పెడలే అక్కర్లేని గేరుబాక్సు తయారుచేసిన బృందాన్ని నడిపించాడు. హైడ్రామాటిక్ అన్న పేరుతో అది 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్‌లో వచ్చింది.

తమాషా ఏంటంటే, అందులో పార్క్ లేదు! ఇంజన్ ఆపేసి రివర్స్‌లో వేస్తే బండి కదలకుండా ఆగేది. గేర్ల వరస న్యూట్రల్, డ్రైవ్, లో, ఆ పక్కనే రివర్స్. అంటే ముందుకి పోయే గేరూ వెనక్కి పోయే గేరూ పక్కపక్కనే. ఇంకో కంపెనీ కారులో ఇంకో వరస. క్రైస్లర్‌వాళ్ళు 1956 మోడల్ నుంచి 1964 దాకా కడ్డీయే తీసేసి బటన్లు పెట్టారు. ఒక కారు దిగి ఇంకో కారు ఎక్కినవాడి చెయ్యి పాత అలవాటునే పోతుంది కదా. రాల్ఫ్ నాడర్ 1965లో వేసిన పుస్తకంలో కంపెనీలని ఈ విషయంలో కూడా గట్టిగా కడిగేశాడు. 1968 జనవరి 1 నుంచి ఫెడరల్ ప్రమాణం 102 అమల్లోకొచ్చింది: ముందు గేరుకీ వెనక గేరుకీ మధ్య న్యూట్రల్ ఉండి తీరాలి. ఇవాళ మనం చూసే పి, ఆర్, ఎన్, డి వరస వెనక ఉన్నది అదే.

వరస కుదిరింది గానీ ప్రమాదాలు పోలేదు. 1970లలో ఫోర్డ్ కార్ల మీద ఫిర్యాదులు గుట్టలుగా వచ్చాయి. పార్క్‌లో వేశామనుకుని ఇంజన్ ఆపకుండా దిగితే, బండి రివర్స్‌లోకి జారి మనుషుల మీదికి వచ్చిందని. ప్రాణాలు పోయిన కేసులు కూడా ఉన్నాయి. చివరికి 1980 డిసెంబర్‌లో ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందం ప్రకారం ఫోర్డ్ దాదాపు 2 కోట్ల 30 లక్షల వాహనాల యజమానులకి పంపింది ఏమిటో తెలుసా? స్టిక్కరు. దిగేముందు పార్క్‌లో పడిందో లేదో చూసుకోండి, హ్యాండ్ బ్రేకు వేయండి, ఇంజన్ ఆపండి అని. నాకైతే ఇది ఇప్పటికీ మింగుడుపడదు.

అసలు మలుపు ఆడి 5000. పార్క్‌లోంచి గేరు తియ్యగానే కారు దానంతట అదే దూసుకుపోతోందని ఆరోపణలు. 1986 నవంబర్‌లో సీబీఎస్ టీవీ '60 మినిట్స్' కార్యక్రమం దాన్ని ఇంటింటికీ చేర్చింది. యాక్సిలరేటర్ పెడల్ దానంతటదే కిందికి దిగుతున్నట్టు అందులో చూపించారు. ఆ కారు ట్రాన్స్‌మిషన్‌కి రంధ్రం చేసి బయటినుంచి గాలి ఒత్తిడి పెట్టారన్నది తర్వాత బయటపడింది. 1989లో ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ నివేదిక తేల్చింది ఏమిటంటే, ఎక్కువ కేసుల్లో డ్రైవర్లు బ్రేకు అనుకుని యాక్సిలరేటర్ తొక్కారని. అప్పటికే ఆడి కుదేలైపోయింది. 1985లో అమెరికాలో 74 వేల కార్లు అమ్మిన కంపెనీ 1991కి 12 వేలకి పడిపోయింది.

ఈ గొడవలో మిగిలిన మంచి ఒక్కటే. 1987లో ఆడి తన కార్లని వెనక్కి పిలిచి ఒక తాళం బిగించింది: బ్రేకు మీద కాలుంటేనే గేరు పార్క్‌లోంచి వస్తుంది. మిగతా కంపెనీలూ ఒక్కొక్కటే దాన్ని అందుకున్నాయి. చట్టం రావడానికి మాత్రం ఇంకో ఇరవై ఏళ్ళు పట్టింది. వెనక్కి వస్తున్న కారు కింద పడి చనిపోయిన రెండేళ్ళ కామెరాన్ గల్‌బ్రాన్సన్ పేరు మీద 2008లో సంతకమైన చట్టం, వెనక ఏముందో డ్రైవరుకి కనపడే ఏర్పాటుతో పాటు ఈ తాళం గురించి కూడా చెప్పింది. 2010 సెప్టెంబర్ నుంచి తయారయ్యే ఆటోమేటిక్ కార్లన్నిటికీ అది తప్పనిసరి. పిల్లలు డ్రైవర్ సీట్లో కూర్చుని ఆడుకుంటూ గేరు లాగేస్తే బండి కదలకూడదని.

ఇప్పుడు నా కారు దగ్గరికి వద్దాం. బ్రేకు పెడల్ పైన చిన్న స్విచ్ ఉంటుంది. చాలా పాత కార్లలో వెనక లైట్లని వెలిగించేదీ, గేరు దగ్గరున్న సోలినాయిడ్‌కి "వదిలెయ్" అని చెప్పేదీ ఆ స్విచ్చే. తాళం ఆన్ చేసి, చుట్టూ నిశ్శబ్దంగా ఉన్నప్పుడు బ్రేకు తొక్కితే గేరు దగ్గర "టిక్" అని వినపడాలి. వినపడకపోతే ముందు ఎవరినైనా వెనక నిలబెట్టి లైట్లు చూడమనండి. లైట్లూ లేవు, టిక్కూ లేదు అంటే ఫ్యూజో స్విచ్చో. లైట్లు వెలుగుతూ టిక్ లేకపోతే సోలినాయిడో దాని వైరో అయ్యుండొచ్చు. టిక్ వినపడుతూ గేరు రాకపోతే లోపల ఏదో పట్టేసింది. కప్పు హోల్డర్‌లోంచి ఒలికిన చాయ్ ఆరి జిగురైపోయినా చాలు.

ఏటవాలులో ఆపినప్పుడు మాత్రమే బిగుసుకుంటే అది రోగం కాదు. పార్క్‌లో బండి బరువంతా గేరుబాక్సులో ఒక చిన్న ఇనప కొక్కెం మీద పడుతుంది. ఇక్కడ హ్యాండ్ బ్రేకు వేసే అలవాటు తక్కువ, మనవాళ్ళు కూడా వచ్చిన ఏడాదికే మర్చిపోతారు. ఆపాక న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగి, కాలు తీసి బండిని దాని మీద కూర్చోనిచ్చి, మళ్ళీ బ్రేకు తొక్కి పార్క్‌లో వేస్తే ఆ బరువు పోతుంది.

పార్క్ నుంచి డ్రైవ్ దాకా అన్ని చోట్లా బరువుగా కదులుతుంటే మాత్రం కేబుల్‌ని అనుమానించాలి. మంచుకి రోడ్ల మీద ఉప్పు చల్లే రాష్ట్రాల్లో కేబుల్ లోపల తుప్పు పడుతుంది. గేరుబాక్సు వైపు కేబుల్ ఊడదీసి కడ్డీ కదిపి చూడాలి. అప్పటికీ బరువుగానే ఉంటే తప్పు కడ్డీలోనో కేబుల్‌లోనో, తేలికైపోతే గేరుబాక్సు వైపు. కేబుల్ ఊడదీశాక కడ్డీ పార్క్‌లో ఉన్నా దానికీ లోపలి కొక్కేనికీ సంబంధం ఉండదు. హ్యాండ్ బ్రేకు వేసి చక్రాలకి అడ్డం పెట్టకుండా కిందికి దూరకండి.

నేను ఇవేవీ చెయ్యలేదు. గేరు పక్కనున్న చిన్న మూత ఎత్తి, స్క్రూడ్రైవర్‌తో లోపలి మీట నొక్కాను. తాళం వదిలేసింది. నా తెలివికి మురిసిపోతూ ఆఫీసుకి పోయాను, మర్నాడు కూడా అలాగే. మంగళవారం సాయంత్రం సిగ్నల్ దగ్గర వెనక కారాయన దిగి వచ్చి అద్దం మీద తట్టాడు. "నీ బ్రేకు లైట్లు ఒక్కటీ వెలగట్లేదు, రెండుసార్లు గుద్దబోయాను" అన్నాడు. వెనక సీట్లో మా పాప స్కూల్ బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

ఇంటికొచ్చి ఫ్యూజు మార్చాను, గేరు మెత్తగా వచ్చేసింది. శుక్రవారానికి ఆ ఫ్యూజూ పోయింది. డిక్కీ తలుపు మడతలో బ్రేకు లైటు వైరు ఒరుసుకుని రాగి బయటపడి ఉంది. దానికి కొత్త వైరు ముక్క అతికి, టేపు చుట్టి, మూడో ఫ్యూజు వేశాను. అది ఇంకా పోలేదు.