రాక్షసగుళ్లు కట్టింది మనుషులే



ములుగు జిల్లా తాడ్వాయి మండలం దామరవాయి అడవిలో, గుట్ట మీద రాతి గూళ్లు గుంపులుగా ఉన్నయి. చుట్టూ బండలు నిలబెట్టి, పైన ఒక పెద్ద బండ కప్పినరు. జనం వాటిని రాక్షసగుళ్లు అంటరు. అంత బరువు మనుషులు ఎత్తలేరట! అడవిలో పాతది ఏది కనబడ్డా రాక్షసులకో పాండవులకో రాసిస్తరు గానీ మనుషుల పేరు మాత్రం చెప్పరు.

అవి సమాధులు. ఇనుము వాడకం వచ్చిన కాలంలో, అంటే రెండు వేల ఏళ్లకు పైబడి, మనుషులు తమవాళ్ల కోసం కట్టుకున్నవి. ఈ సంగతి చెప్పింది పురావస్తు శాస్త్రం. రాజులకు శాసనాలున్నయి, మన తాతలు శాసనాలు వేయించలేదు. ఈ శాస్త్రానికి అక్షరం లేకున్నా పనవుతది. కుండపెంకు, ఇనుప ముక్క, ఎముక, అన్నింటికన్నా ముఖ్యంగా మట్టి పొర. మట్టి కదలని చోట కింది పొర పాతది, పై పొర కొత్తది. అందుకే గుప్తనిధుల కోసం ఎవరన్నా గునపం వేస్తే పోయేది కుండ ఒక్కటే కాదు. పొరలు కలిసిపోయినంక అది ఏ కాలందో చెప్పడం చాలా కష్టం.

దామరవాయి సమాధులు మన పూర్వీకులవే అని మేం అనడం లేదు. దానికి ఆధారం కావాలి. కానీ చనిపోయినవాళ్లకు రాయి నిలబెట్టే ఆచారం బస్తర్ మాడియాల్లో మొన్నమొన్నటి దాకా చూసినదే.

ఇక మనకు నేరుగా పనికొచ్చే మాట. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన నియమాల్లో 13వది ఆధారాల గురించి. పాత బావులు, శ్మశానాలు, పవిత్ర స్థలాలు కూడా అందులో ఆధారాలే. పెద్దమనుషులు చెప్పింది రాసుకున్నా ఆధారమే, కాకపోతే ఆ పెద్దమనిషి హక్కు కోరేవాడు కాకూడదు. పట్టా కాగితం లేదు కదా అని మనవాళ్లు వెనక్కి తగ్గుతరు. ఊరి పక్క శ్మశానంలో తాత పేరున నిలబెట్టిన రాయి కాగితం కన్నా పాతది.

సెలవులకు ఊరికి పోయినప్పుడు ఆ రాళ్ల ఫోటోలు తీయండి. ఏ రాయి ఎవరిదో ముసలోళ్లను అడిగి, తేదీ వేసి రాసుకోండి. గ్రామసభలో అటవీ హక్కుల కమిటీకి ఒక కాపీ ఇవ్వండి. రాళ్లను మాత్రం కదపొద్దు, శుభ్రం చేద్దామని కూడా.