నడిమి పేరు: ఆడబిడ్డకు మిగిలే చోటు

మన ఆడబిడ్డల పేర్లు ఇప్పుడు మూడు ముక్కలయ్యాయి. ముందు ఇంటిపేరు, చివర పిలిచే పేరు, నడుమ ఇంకొకటి. ఆ నడిమి పేరును కొందరు వినసొంపు కోసం పెడుతున్నారు, కొందరు ఎవరో చెప్పిన అక్షరం కోసం పెడుతున్నారు, చాలామంది ఖాళీగానే వదిలేస్తున్నారు. నిజానికి ఆ చిన్న చోటుకు పెద్ద పని ఉంది. పెళ్ళయితే ఇంటిపేరు మారుతుంది. పిలిచే పేరు కాలంతో పాటు మారుతుంది. మన పెద్దతల్లుల పేరు నిలబడటానికి బిడ్డ పేరులో మిగిలింది ఆ నడిమి చోటే.

పేరు పెట్టడం మనవాళ్ళకు ఎప్పుడూ తేలిక పని కాదు. 19వ శతాబ్దం చివరి భాగంలో దుమ్ముగూడెంలో ఉన్న జాన్ కెయిన్ అనే మిషనరీ గోదావరి ఒడ్డు కోయల ఆచారాలను రాసిపెట్టాడు. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో అచ్చు వేసిన ఏడు సంపుటాల గ్రంథంలో కోయల గురించి చెప్పేచోట ఆ రాతలను వాడుకున్నాడు. అందులో ఒక ఆచారం ఉంది. పుట్టిన ఏడో రోజున చుట్టాలు, ఇరుగుపొరుగు కూడుతారు. బిడ్డను మంచం మీద పడుకోబెడతారు. తల్లి బిడ్డ చేతిలో ఇప్పాకు పెట్టి ఒక పేరు పలుకుతుంది. బిడ్డ ఆకును పిడికిట పట్టుకుంటే ఆ పేరు ఒప్పుకున్నట్టు. ఏడ్చినా, ఆకును వదిలేసినా ఆ పేరు పనికిరాదు. ఇంకో ఆకు, ఇంకో పేరు.

ఇందులో రెండు సంగతులు గమనించాలి. ఒకటి, పేరు పలికేది తల్లి. రెండు, ఒప్పుకోవాల్సింది బిడ్డ. ఆడబిడ్డ అయినా మగబిడ్డ అయినా ఇష్టం అడిగి పేరు పెట్టిన జాతి మనది. కాగితాల మీద రాసే పేరు దగ్గరికి వచ్చేసరికి ఆ అడగడం పోయింది.

మన ఇంటిపేరు ఉత్త గుర్తు కాదు. కోయల్లో మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు ఇట్లా గట్లు ఉన్నాయి. గోండుల్లో నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగలు ఉన్నాయి. ఇంటిపేరు వింటే గట్టు తెలుస్తుంది, గట్టు తెలిస్తే ఇలవేల్పు తెలుస్తుంది. ఎవరు అన్నదమ్ముల వరసో, ఎవరికి పిల్లనివ్వచ్చో దాన్నిబట్టే చెబుతారు. అందుకే ఇంటిపేరును పొట్టి అక్షరం చేసి వదిలేయవద్దు, పూర్తిగా రాయాలి. అయితే ఆడబిడ్డ అత్తగారింటికి పోతే ఆ ఇంటిపేరే రాయడం అలవాటైంది. మార్చుకోవాలని ఏ చట్టమూ చెప్పలేదు, అయినా మార్చేస్తున్నారు. పుట్టింటి గుర్తు అక్కడితో ఆగిపోతున్నది.

మహదేవపూర్ వాళ్ళకు ఈ సంగతి ఇంకో తీరుగా కూడా తెలుసు. ఇక్కడ గోదావరి దాటితే సిరోంచ. 1860లో నిజాం ఎడమ ఒడ్డు తాలూకాలను ఇంగ్లీషువాళ్ళకు అప్పగించినప్పటి నుంచి ఏరు సరిహద్దయింది. చుట్టరికాలు మాత్రం తెగలేదు. కాళేశ్వరం దగ్గర వంతెన పడ్డాక రాకపోకలు ఇంకా పెరిగాయి. ఈ ఒడ్డున ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. ఆ ఒడ్డున మహారాష్ట్ర పద్ధతి: ముందు సొంత పేరు, నడుమ తండ్రి పేరు, చివర ఇంటిపేరు. అక్కడ ఆడబిడ్డకు పెళ్ళయితే చివరి పేరుతో పాటు నడిమి పేరు కూడా మారుతుంది. తండ్రి పేరు పోయి భర్త పేరు వస్తుంది. అంటే మూడింట రెండు పాళ్ళు ఇతరులవే.

2024లో మహారాష్ట్ర ప్రభుత్వం దీన్ని కొంత మార్చింది. ఆ ఏడు మే 1న, ఆ తర్వాత పుట్టిన పిల్లల పేరు పక్కన ముందు తల్లి పేరు, ఆ తర్వాత తండ్రి పేరు, ఇంటిపేరు రాయాలన్నది. నడిమి చోటు ఎవరిది అన్న ప్రశ్న ఏటి అవతల ప్రభుత్వం దాకా పోయిందన్న మాట. మన ఒడ్డున ఆ చోటు ఇంకా ఎవరిదీ కాలేదు. అందుకే అందులో ఏం పెట్టాలో మనమే ఆలోచించుకోవచ్చు.

దీనికి దారి మేడారమే చూపిస్తుంది. సమ్మక్క చిలకలగుట్ట నుంచి వస్తుంది. సారలమ్మ కన్నెపల్లి నుంచి వస్తుంది. మహబూబాబాద్ జిల్లా పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు, కొండాయి నుంచి గోవిందరాజు గద్దెలకు వస్తారు. పగిడిద్దరాజు సమ్మక్క భర్త. అయినా సమ్మక్కను పగిడిద్దరాజు భార్యగా ఎవరూ మొక్కరు. భర్తే ఆమె ఉన్న చోటికి నడిచి వస్తాడు. తల్లికి తన పేరు, బిడ్డకు తన పేరు, ఇద్దరికీ వేరువేరు గద్దెలు. కాకతీయ సైన్యంతో పోరాడిన కథలో మిగిలిన పేర్లు అవే. 1996లో ఆ జాతర రాష్ట్ర పండుగయింది. 2023లో పార్లమెంటు చట్టం చేసి ములుగుకు ఇచ్చిన కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయానికి సమ్మక్క సారక్క పేరే పెట్టారు. మన ఆడబిడ్డలకు రేపు వచ్చే పట్టా కాగితం మీద ఆ పేర్లుంటాయి.

మరి ఆ పేర్లు మన పిల్లల హాజరుపట్టీలో ఎందుకు తగ్గిపోతున్నాయి? బడిలో తోటిపిల్లలు నవ్వుతారని, పాత పేరని, హాస్టల్‌లో చేర్చేటప్పుడే మార్చేస్తున్నారు. ఇంట్లో సారక్క, బడిలో ఇంకొకటి. కొత్త పేరు పెట్టుకోవడం తప్పు కాదు. దివ్య అని పిలుచుకోవాలని ఉంటే పిలుచుకోండి. అమ్మమ్మ పేరునో, నాయనమ్మ పేరునో, ఇలవేల్పు పేరునో నడుమ నిలపండి. తెలుగు కుటుంబాల్లో వెంకట, నాగ, సత్య, వీర అని నడుమ పెట్టేది కూడా చాలాసార్లు దేవుడి పేరో, మొక్కో, పెద్దల గుర్తో కదా. వాళ్ళకు ఉన్న చోటే మనకూ ఉంది.

పేరుకు పేరు కుదరాలి కూడా. బిడ్డ బతుకంతా పలకాల్సిన మాట అది. సమ్మక్క, సారక్క, నాగులమ్మ, ముత్తమ్మ వంటి పేర్లు చివర అకారంతో ఆగుతాయి. తర్వాతి పేరు కూడా అకారంతో మొదలైతే రెండూ అతుక్కుపోతాయి. సారక్క, అనిత కలిపి పిలిస్తే 'సారక్కనిత' అవుతుంది. అదే సారక్క దివ్య, సమ్మక్క రోజా, నాగులమ్మ కీర్తి అంటే ఏ పేరుకు ఆ పేరు తెలుస్తుంది. నడిమి పేరు పొడుగైతే పిలిచే పేరు రెండక్షరాలది చాలు. నడిమిది పొట్టిదైతే చివరిది కొంచెం సాగినా బాగుంటుంది. ఇంటిపేరుతో కలిపి మూడింటినీ గట్టిగా పదిసార్లు పిలిచి చూడండి. నాలుక తడబడితే మార్చండి. ఇప్పాకు పరీక్ష వంటిదే ఇదీ.

కాగితం సంగతి మరువద్దు. 1969 జనన మరణాల నమోదు చట్టం ప్రకారం పుట్టిన 21 రోజుల్లోపల నమోదు చేయించాలి. అప్పటికి పేరు తేలకపోతే పేరు లేకుండానే నమోదవుతుంది. 12 నెలల్లోపల రుసుము లేకుండా పేరు రాయించవచ్చు. ఆ తర్వాత రుసుముతో 15 ఏళ్ళ దాకా వీలుంది. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టినవాళ్ళకు బడిలో చేరడం మొదలు చాలా పనులకు పుట్టిన తేదీ రుజువు జనన పత్రమే. అందుకే అందులో ఏది రాయిస్తే అదే ఆధార్‌లో, కుల ధ్రువపత్రంలో, పదో తరగతి మెమోలో ఉండాలి. సారక్క అని ఒకచోట, సారలమ్మ అని ఇంకోచోట రాయించవద్దు.

ఇది ఆడబిడ్డకు ఎందుకు ముఖ్యమంటే, తెగ పుట్టుకతో వచ్చేది, పెళ్ళితో మారేది కాదు. కుల పత్రం పుట్టింటి ఇంటిపేరుతో ఉంటుంది, ఆ తర్వాతి కాగితాలు అత్తింటి పేరుతో ఉంటాయి. 2006 అటవీ హక్కుల చట్టం పట్టాను భార్యాభర్తలిద్దరి పేరున ఇవ్వమన్నది. అక్కడ ఆమె పేరు సగం సగంగా ఉంటే హక్కు కూడా అనుమానంలో పడుతుంది. నడిమి పేరు, పిలిచే పేరు రెండూ మొదటినుంచి చివరిదాకా ఒకటే ఉంటే, ఇంటిపేరు మారినా ఆ మనిషే ఈ మనిషి అని చూపించడం తేలికవుతుంది.

ఉపాధ్యాయులకు ఒక మాట. బడిలో చేర్చుకునేటప్పుడు పిల్ల చెప్పిన పేరు మీకు పాతగా వినిపించినా దిద్దవద్దు. ఆ పేరు ఎవరిదో అడగండి. అమ్మమ్మదైతే ఆమె కథ రాసుకురమ్మనండి. చదువుకున్న యువతీయువకులకు ఒక మాట. మీ గూడెంలో డెబ్బై ఏళ్ళు దాటిన ఆడవాళ్ళ పేర్లు, వాళ్ళ పుట్టింటి ఇంటిపేర్లు, గట్లు ఒక నోటుబుక్కులో ఎక్కించండి. రేపు పుట్టబోయే బిడ్డకు నడిమి పేరు వెతకడానికి అంతకంటే మంచి పుస్తకం ఏ దుకాణంలోనూ దొరకదు.