అంధుల ఉపమానం (చిత్రం)

అంధుల ఉపమానం ఫ్లెమిష్ చిత్రకారుడు పెద్ద పీటర్ బ్రూగెల్ 1568లో, అనగా తన మరణానికి ఒక సంవత్సరం ముందు, చిత్రించిన వర్ణచిత్రం. ఇది ఇటలీలోని నేపుల్స్ నగరంలో కపోడిమోంటే మ్యూజియంలో ఉన్నది. కొలతలు 86 × 154 సెంటీమీటర్లు. బ్రూగెల్ చిత్రాలలో అధికభాగం చెక్కపలకలపై వేసిన తైలవర్ణ చిత్రాలు కాగా, దీనిని నారబట్టపై జిగురు కలిపిన రంగులతో వేశాడు.

ఇతివృత్తం

గుడ్డివానికి గుడ్డివాడు దారి చూపితే ఇద్దరూ గోతిలో పడతారని యేసు చెప్పిన ఉపమానం దీనికి ఆధారం (మత్తయి సువార్త 15:14, లూకా సువార్త 6:39).

చిత్రణ

ఆరుగురు అంధులు ఒకరినొకరు పట్టుకొని ఎడమ నుండి కుడికి, పల్లంవైపు నడుస్తుంటారు. ముందున్నవాడు అప్పటికే గోతిలో వెల్లకిలా పడ్డాడు. రెండవవాడు తూలి పడిపోతున్నాడు. మూడవవాడు రెండవవానితో కలిసి పట్టుకున్న చేతికర్ర వలన ముందుకు లాగబడుతున్నాడు. వెనుకనున్న వారికి ఈ ప్రమాదం ఇంకా తెలియదు. ఈ విధంగా ఒకే పతనం లోని వేర్వేరు దశలు ఒకే చిత్రంలో కనిపిస్తాయి.

అంధత్వాన్ని కూడా చిత్రకారుడు అందరికీ ఒకే తీరున చూపలేదు. రెండవవానికి కనుగుడ్లే లేవు; మూడవవాని కంటిలో పువ్వు వేసి ఉన్నది. వైద్యులు సైతం గుర్తించగలిగినంత నిశితమైన పరిశీలన ఇది. అందువలన వీరు హాస్యపాత్రలుగా గాక, బాధపడే మనుషులుగా కనిపిస్తారు.

నేపథ్యంలోని చర్చి బ్రస్సెల్స్ సమీపాన సింట్-అన్నా-పేడే గ్రామంలో నేటికీ ఉన్నది.